ఒకటో నంబర్ చొక్కా వేసుకున్న మిడ్‌ఫీల్డర్

(ఫుట్‌బాల్ అభిమానుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కాస్త తగ్గించండి. ఆఁ, ఇప్పుడు బాగుంది.

పోయినసారి ఒక తమ్ముడు అడిగాడు, "అర్జెంటీనా కోచ్‌ల గురించి చెప్పండి సార్" అని. సిమియోనీ గురించో పొచెటినో గురించో చెబుతానని అనుకుని ఉంటాడు. వాళ్ల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అర్ధరాత్రి దాటాక మేలుకుని మ్యాచ్‌లు చూసేది మీరు, నేను కాదు. అందుకని వాళ్లకంటే ముందు తరం మనిషిని ఎంచుకున్నాను. పేరు ఒస్వాల్డో ఆర్డిలెస్. ఇంగ్లండ్‌లో అందరూ ఆసీ అంటారు.

ముందు ఒక ప్రశ్న. 1982 వరల్డ్ కప్‌లో అర్జెంటీనా జట్టులో ఒకటో నంబర్ చొక్కా ఎవరిది?

గోల్‌కీపర్‌దా? కాదు. మిడ్‌ఫీల్డర్ ఆర్డిలెస్‌ది. ఆ రోజుల్లో అర్జెంటీనా వాళ్లు ఇంటిపేర్ల అక్షర క్రమంలో నంబర్లు ఇచ్చేవాళ్లు, మన బడిలో హాజరు పట్టీలాగా. 1978లో అలోన్సో ముందుండటంతో ఆర్డిలెస్‌కు రెండు వచ్చింది. 82లో అలోన్సో లేడు, కాబట్టి ఒకటి. గోల్‌కీపర్ ఫియోల్ ఒకసారి ఐదుతో, ఇంకోసారి ఏడుతో గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాడు. 82లో మారడోనా కోసం మాత్రం వరస తప్పించి పది ఇచ్చారు. ఆ మాట వేరే చెప్పాలా!

ఈయన 1952లో పుట్టాడు, కోర్డోబాలో పెరిగాడు. బక్కపల్చటి మనిషి, పొట్టి. బంతితో మెలికలు తిరుగుతూ వెళ్లేవాడని సొంత అన్నే పెట్టిన ముద్దుపేరు పితోన్. అంటే కొండచిలువ. ఆడుతూనే యూనివర్సిటీలో లా చదివాడు. ఇంట్లోవాళ్లు ఆటను నమ్ముకోవద్దని అంటే పిల్లవాడు పుస్తకం కూడా పట్టుకోవడం మనకు తెలియని విషయమేం కాదు.

మొదటి క్లబ్ పేరు ఇన్‌స్టిటూటో. పూర్తి పేరులో "సెంట్రల్ కోర్డోబా" అని ఉంటుంది, అది రైల్వే పేరు. 1918లో ఆ రైల్వే కార్మికులే క్లబ్ పెట్టుకున్నారు. రైల్వే బ్రిటిష్ కంపెనీది. అర్జెంటీనాకు ఫుట్‌బాల్ అలాగే వచ్చింది: బ్రిటిష్ రైళ్లు, బ్రిటిష్ ఓడలు, బ్రిటిష్ బడిపంతుళ్లు. రైల్వే కాలనీ అంటే పక్కన గ్రౌండు ఉంటుందని కాజీపేటలోనో లాలాగూడలోనో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ ఇంగ్లిష్ వాసన సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇన్‌స్టిటూటోలో ఈయనతో ఆడిన ఇంకో కుర్రాడు మారియో కెంపెస్. ఇద్దరు వరల్డ్ కప్ విజేతలు ఒక ఊరి క్లబ్‌లో ఒకే సమయంలో. తర్వాత కొద్దికాలం బెల్‌గ్రానో, 1975లో బ్యూనస్ ఎయిరెస్‌లోని ఉరాకాన్. స్పానిష్‌లో హెచ్ అక్షరం పలకరు, అందుకే హురాకాన్ కాదు. ఆ క్లబ్‌ను 1973లో లీగ్ చాంపియన్ చేసిన కోచ్ సీజర్ మెనోట్టి అప్పటికే జాతీయ జట్టుకు వెళ్లిపోయాడు. ఉరాకాన్ ఆటగాళ్ల మీద కన్ను మాత్రం పోలేదు. బంతిని తన్ని పారెయ్యకుండా దగ్గర ఉంచుకుని ఆడాలన్నది మెనోట్టి పట్టుదల. అలాంటి ఆటకు మధ్యలో ఒక బుర్ర కావాలి. ఆ బుర్ర ఆర్డిలెస్.

1978 జూన్ 25, మోనుమెంటల్ స్టేడియం, వరల్డ్ కప్ ఫైనల్. అదనపు సమయంలో నెదర్లాండ్స్ మీద 3-1. కెంపెస్‌వి రెండు గోల్స్, బెర్తోనిది ఒకటి. ఆర్డిలెస్ దెబ్బ తగిలిన కాలుతోనే దిగాడు, రెండో సగం మధ్యలో ఆయన స్థానంలో లరోసా వచ్చాడు.

ఆ కప్పు గురించి మాట్లాడితే ఇంకో మాట దాచకూడదు. అప్పటికి రెండేళ్లుగా దేశం సైనిక పాలనలో ఉంది. స్టేడియానికి దగ్గర్లోనే నౌకాదళం మెకానికల్ స్కూలు, అందులో ఎత్తుకొచ్చిన మనుషుల్ని హింసించేవాళ్లు. గోల్ పడినప్పుడు జనం అరిచిన అరుపు అక్కడి ఖైదీలకు వినిపించిందని బతికి బయటపడినవాళ్లు చెప్పారు. కప్పు ఎత్తినవాళ్ల తప్పు కాదంటాను నేను. కానీ ఆ కప్పు గురించి సంబరంగా మాత్రమే మాట్లాడటం నాకు చేతకాదు.

సరే, ఇంగ్లండ్‌కు వద్దాం. 1931 నుంచి అక్కడ ఒక నిబంధన ఉండేది: విదేశీ ఆటగాడు రెండేళ్లు ఆ దేశంలో ఉన్నాకే లీగ్‌లో ఆడాలి. ఆడకుండా రెండేళ్లు ఎవడు కూర్చుంటాడు? తలుపు ఉంది, తాళం వేసి ఉంది. 1978లో ఆ తాళం తీశారు. సరిగ్గా అప్పుడే లండన్ క్లబ్ టాటెన్‌హమ్ రెండో డివిజన్ నుంచి పైకి వచ్చింది. మేనేజర్ కీత్ బర్కిన్‌షా, యార్క్‌షైర్ మనిషి. ఆర్డిలెస్ వచ్చేలా ఉన్నాడని కబురు అందగానే బ్యూనస్ ఎయిరెస్ విమానం ఎక్కాడు. అక్కడ ఆర్డిలెస్ ఒప్పుకున్నాడు, ఒప్పుకుని, "నా ఫ్రెండ్ ఒకడున్నాడు, అతను కూడా వస్తాడు" అన్నాడు. ఆ ఫ్రెండ్ రికీ విల్లా. బర్కిన్‌షా లండన్‌కు ఫోన్ చేసి రెండో మనిషికి కూడా డబ్బు అడిగాడు. ఇద్దరికీ కలిపి ఏడున్నర లక్షల పౌండ్ల దాకా అయింది. వరల్డ్ కప్ గెలిచి నెల తిరక్కుండానే!

మొదటి మ్యాచ్ చాంపియన్ నాటింగమ్ ఫారెస్ట్ మీద వాళ్ల ఊళ్లోనే, 1-1, విల్లా గోల్ కొట్టాడు. సొంత మైదానంలో మొదటి ఆటకు అభిమానులు అర్జెంటీనా పద్ధతిలో కాగితం ముక్కలు గుప్పిళ్లతో చల్లారు. ఆ మ్యాచ్ 4-1 తో పోయింది. సెప్టెంబర్ 2న లివర్‌పూల్‌లో 7-0. ఏడు! వరల్డ్ కప్ ఆటగాళ్లు వచ్చారు, అయితే ఏమిటి అని అందరూ నవ్వారు. ఇంగ్లండ్ ఆటలో బంతి గాల్లో ఉంటుంది, ఆర్డిలెస్ ఆట నేల మీద. ఎవరో ఒకరు మారాలి. మెల్లగా టాటెన్‌హమే మారింది. పక్కన మిడ్‌ఫీల్డర్ గ్లెన్ హాడల్ లాంటివాడు ఉండటం కూడా కలిసొచ్చింది.

1981 ఎఫ్‌ఏ కప్, అంటే ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ కప్పు, దాని ఫైనల్ మీలో చాలామంది యూట్యూబ్‌లో చూసే ఉంటారు. మాంచెస్టర్ సిటీతో మొదటి మ్యాచ్ 1-1, రెండు గోల్స్ సిటీ ఆటగాడు హచిసన్‌వే, ఒకటి తన జట్టుకు, ఒకటి పొరపాటున టాటెన్‌హమ్‌కు. విల్లాను మధ్యలో బయటికి పిలిస్తే కన్నీళ్లతో నడిచి వెళ్లాడు. అయిదు రోజుల తర్వాత రీప్లేలో అదే విల్లా డిఫెండర్లను ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్లి కొట్టిన గోల్‌తో 3-2. ఆ కప్పు కోసం జట్టు ఒక పాట పాడింది, అందులో ఆర్డిలెస్‌కు ఒక ముక్క ఇచ్చారు. టాటెన్‌హమ్ అనాల్సింది "టాటింగమ్" అన్నాడు. దేశమంతా ఆ యాసకు పడిపోయింది. మన యాసను ఎగతాళి చేసేవాళ్లున్నారు, మురిపెంగా చూసేవాళ్లున్నారు. రెండింటికీ తేడా యాస ఉన్నవాడికి వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న చోటికి వచ్చాం. నీళ్లు కాస్త ఇవ్వండి.

1982 ఏప్రిల్ 2, శుక్రవారం. అర్జెంటీనా సైన్యం బ్రిటన్ పాలనలోని ఫాక్లండ్ దీవుల్లో దిగింది. వాళ్లు మాల్వినాస్ అంటారు. మర్నాడు శనివారం బర్మింగమ్‌లోని విల్లా పార్క్‌లో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్, టాటెన్‌హమ్, లెస్టర్ సిటీ. ఆర్డిలెస్ ఆడాలి. రెండు దేశాల మధ్య యుద్ధం మొదలై ఒక రోజు, ఈ మనిషి అటు దేశం పౌరుడు, ఇటు దేశం కప్పులో మైదానంలో ఉన్నాడు. ఆ టెన్షన్ ఊహించుకోండి.

బంతి తాకినప్పుడల్లా లెస్టర్ జనం వెక్కిరిస్తూ అరిచారు. టాటెన్‌హమ్ జనం ఏం చేశారో తెలుసా? "అర్జెంటీనా, అర్జెంటీనా" అని అరిచారు. ఇంగ్లిష్‌వాళ్లు, లండన్‌వాళ్లు. దీవులు మీరే ఉంచుకోండి, ఆసీని మాత్రం మాకు వదిలెయ్యండి అన్న అర్థంలో బ్యానర్ కూడా కట్టారని చెబుతారు. టాటెన్‌హమ్ 2-0 తో గెలిచింది, మొదటి గోల్ గార్త్ క్రూక్స్‌కు అందించింది ఆర్డిలెసే.

ఆ మ్యాచ్ అయ్యాక వరల్డ్ కప్ శిక్షణకు ఆర్డిలెస్ వెళ్లిపోవాలని ముందే అనుకున్నారు. వెళ్లాడు. క్లబ్ మీద కోపంతో పారిపోయాడని కొందరు రాశారు, అది నిజం కాదు. విల్లా అక్కడే ఉండిపోయాడు, కానీ మే నెలలో ఫైనల్లో ఆడలేదు.

మే 1. అర్జెంటీనా వైమానిక దళ పైలట్ హోసె లియోనిదాస్ ఆర్డిలెస్ నడుపుతున్న విమానాన్ని బ్రిటిష్ విమానం కూల్చేసింది. చనిపోయాడు. ఇంటిపేరు విన్నారుగా. మన ఆటగాడికి స్వయానా కజిన్.

జూన్ 13న బార్సిలోనాలో అర్జెంటీనా మొదటి మ్యాచ్, బెల్జియం చేతిలో 0-1. మర్నాడు దీవుల్లో అర్జెంటీనా సైన్యం లొంగిపోయింది. గెలుస్తున్నామని తమ దేశం పత్రికలు రాస్తుంటే నమ్మిన ఆటగాళ్లు స్పెయిన్‌లో దిగి స్పెయిన్ పేపర్లు చదివాక గాని అసలు సంగతి తెలుసుకోలేదు. 649 మంది అర్జెంటీనా సైనికులు, 255 మంది బ్రిటిష్ సైనికులు, ముగ్గురు దీవివాసులు పోయారు. ఒకటో నంబర్ చొక్కా ఆ వరల్డ్ కప్‌ది. హంగేరీ మీద ఒక గోల్ కూడా కొట్టాడు. తర్వాత ఇటలీతో, బ్రెజిల్‌తో ఓడి జట్టు ఇంటికి వెళ్లింది.

ఇంటికి అన్నాను. ఈయన ఇల్లెక్కడ? వెంటనే లండన్ వెళ్లలేకపోయాడు. టాటెన్‌హమ్ వాళ్లే పారిస్ సాన్ జెర్మాన్‌కు అరువిచ్చారు. పధ్నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, ఆయన ఆటలా లేదు. 1983 జనవరిలో తిరిగి లండన్ వచ్చాడు. ఎవరూ రాళ్లు వెయ్యలేదు. కొద్దిరోజులకే కాలు విరిగింది, అది వేరే దురదృష్టం.

1984లో యూరప్ క్లబ్బుల యుఈఎఫ్‌ఏ కప్ ఫైనల్ రెండో అంచెలో, ఆండర్‌లెక్ట్ మీద, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి దగ్గర్నుంచి కొడితే బంతి పై కమ్మీకి తగిలింది. ఆ గందరగోళం తీరకముందే తోటి ఆటగాడు రాబర్ట్స్ స్కోరు సమం చేశాడు, షూటౌట్‌లో కప్పు వచ్చింది. 1988లో క్లబ్ వదిలాడు. బ్లాక్‌బర్న్, క్వీన్స్ పార్క్ రేంజర్స్, అమెరికాలో ఫోర్ట్ లాడర్‌డేల్. ఆటగాడిగా ప్రయాణం దాదాపు అక్కడితో సరి.

ఇక కోచ్ ఆర్డిలెస్.

1989లో స్విండన్ టౌన్ పిలిచింది. చిన్న ఊరు, అది కూడా రైల్వే ఊరే! మధ్యలో నలుగుర్ని డైమండ్ ఆకారంలో నిలబెట్టి, బంతి నేల మీదే ఉండాలన్నాడు. మొదటి సీజన్లోనే రెండో డివిజన్లో నాలుగో స్థానం, 1990 మే 28న వెంబ్లీలో, పైకి వెళ్లేదెవరో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్లో సండర్లాండ్ మీద 1-0. క్లబ్ చరిత్రలో తొలిసారి మొదటి డివిజన్‌కు అర్హత. పది రోజులు సంబరం. తర్వాత లీగ్ తీర్పు వచ్చింది: ఆర్డిలెస్ రాకముందు పాత యాజమాన్యం ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చింది కాబట్టి పైకి వెళ్లడం కాదు, మూడో డివిజన్‌కు దిగండి అని. అప్పీలు చేస్తే ఉన్న డివిజన్లోనే ఉండమన్నారు. ఓడిపోయిన సండర్లాండ్ పైకి వెళ్లింది. తద్దినం పెట్టాల్సింది ఎవరో, పెట్టింది ఎవరో.

అక్కడి నుంచి న్యూకాజిల్. కుర్రాళ్లకు అవకాశమిచ్చాడు, ఫలితాలు రాలేదు, 1992 ఫిబ్రవరిలో పంపేశారు, కెవిన్ కీగన్ వచ్చి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత వెస్ట్ బ్రామ్‌విచ్, ఒక్క సీజన్, 1993లో పోర్ట్ వేల్ మీద 3-0 తో ప్లేఆఫ్ గెలిచి పై డివిజన్‌కు. అంతలో సొంత క్లబ్ పిలిచింది.

టాటెన్‌హమ్‌లో అప్పుడు యజమాని అలన్ షుగర్, చీఫ్ ఎగ్జిక్యూటివ్ టెరీ వెనబుల్స్ కొట్టుకుని కోర్టుకెక్కారు. వెనబుల్స్‌ను పంపేశాక మేనేజర్ కుర్చీలో ఆర్డిలెస్‌ను కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో నేనైతే కూర్చోను. మొదటి ఏడాది ప్రధాన స్ట్రైకర్ షెరింగమ్ మోకాలి దెబ్బతో నెలల తరబడి లేడు, జట్టు 15వ స్థానం. 1994 వేసవిలో ఇంకో తీర్పు: ఎనభైల్లో క్లబ్ చేసిన అక్రమ చెల్లింపులకు శిక్షగా 12 పాయింట్ల కోత, ఎఫ్‌ఏ కప్ నుంచి బహిష్కరణ, జరిమానా. స్విండన్ కథే మళ్లీ! తను మేనేజర్ కాకముందటి పాపానికి తన హయాంలో శిక్ష, ఒకే మనిషికి రెండుసార్లు.

అలాంటప్పుడు ఇంకొకరైతే జాగ్రత్తగా, డిఫెన్స్ గట్టిచేసుకుని ఆడతారు. ఈయన అయిదుగురు దాడి చేసేవాళ్లను ఒకేసారి దింపాడు. క్లిన్స్‌మన్, షెరింగమ్, బార్మ్‌బీ, యాండర్టన్, దుమిత్రెస్కు. మొదటి మ్యాచ్ షెఫీల్డ్ వెన్స్‌డే మీద 4-3. డైవింగ్ చేస్తాడని పేరున్న క్లిన్స్‌మన్ గోల్ కొట్టి గడ్డి మీద పొట్టతో జారాడే, ఆ మ్యాచ్. చూసినవాళ్లకు పండగ. అక్టోబర్‌కు పండగ అయిపోయింది. మాంచెస్టర్ సిటీలో 5-2, కింది డివిజన్ జట్టు నాట్స్ కౌంటీ చేతిలో 3-0. నెలాఖరుకు ఆర్డిలెస్ ఉద్యోగం పోయింది. పాయింట్ల కోత, కప్పు బహిష్కరణ రెండూ ఆ తర్వాత రద్దయ్యాయి. అంటే శిక్ష ఎత్తేసేసరికి ఈయన లేడు.

ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఆర్డిలెస్ కోచింగ్ అంటే ఆ అయిదుగురి జోకు చెబుతారు. నేను ఆ జోకుకు నవ్వుతాను, ఒప్పుకోను. డిఫెన్స్ లేదన్నది నిజమే, అందులో వాదన లేదు. కానీ కథ అక్కడ ఆపేస్తే సగం మనిషినే చూసినట్టు. మిగతా సగం జపాన్‌లో ఉంది.

మెక్సికోలో గ్వాదలహారాలో కొన్నాళ్లుండి 1996లో షిమిజు వెళ్లాడు. జపాన్ ప్రొఫెషనల్ లీగ్, జె లీగ్, మొదలై అప్పటికి మూడేళ్లే. మొదటి పది క్లబ్బుల్లో కంపెనీ జట్టు నుంచి పుట్టనిది ఈ షిమిజు ఎస్-పల్స్ ఒక్కటే. షిమిజు ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఊరు, ఊరు కలిసి పెట్టుకున్న క్లబ్. వచ్చిన ఏడాదే జపాన్ లీగ్ కప్పు అయిన నబిస్కో కప్, ఫైనల్లో వెర్డీ కవాసాకి మీద షూటౌట్‌లో. క్లబ్‌కు అదే మొదటి ట్రోఫీ. మరుసటి ఏడాది క్లబ్‌ను నడిపే కంపెనీ అప్పుల్లో మునిగింది. అలాంటి జట్టుతో 1998లో జె లీగ్ ఉత్తమ కోచ్ అవార్డు తీసుకున్నాడు. పక్కన అసిస్టెంట్‌గా ఎవరు? టాటెన్‌హమ్ పాత కెప్టెన్ స్టీవ్ పెరీమన్. లండన్‌లో కెప్టెన్‌గా ఉన్నవాడు జపాన్‌లో సహాయకుడు. ఆర్డిలెస్ వెళ్లాక జట్టును అతనే చూసుకుని, 1999లో రెండు దశల లీగ్‌లో రెండో దశ గెలిపించాడు.

జపాన్‌లో ఎందుకు కుదిరింది? నా అభిప్రాయం చెబుతా, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇంగ్లండ్‌లో ఈయన "మన ఆసీ". ఆటగాడిగా జనం దాచుకున్న జ్ఞాపకం కుర్చీలో కూర్చుంది, ప్రతి ఓటమీ ఆ జ్ఞాపకానికి మచ్చ. షిమిజులో ఈయన ఒక కోచ్ మాత్రమే. పైగా అక్కడి ఆటగాళ్లు చెప్పింది శ్రద్ధగా నేర్చుకునే దశలో ఉన్నారు, చిన్న పాస్‌ల ఆట వాళ్లకు సరిపోయింది.

తర్వాత క్రొయేషియాలో జాగ్రెబ్ క్లబ్, మళ్లీ జపాన్. 2000లో యొకోహామా మారినోస్‌తో లీగ్ మొదటి దశ గెలిచాడు. నకమురా షున్‌సుకే ఆ ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాడు. సౌదీలో అల్ ఇత్తిహాద్, సొంత దేశంలో రేసింగ్, రెండూ కొద్దికాలమే. మూడోసారి జపాన్, ఈసారి టోక్యో వెర్డీ. 1996లో తను ఓడించిన క్లబ్బే ఊరు మారి ఈ పేరు పెట్టుకుంది. 2005 జనవరి 1న జపాన్ నాకౌట్ కప్పు ఎంపరర్స్ కప్ ఫైనల్లో జూబిలో ఇవాటా మీద 2-1. జపాన్‌వాళ్లకు ఆ ఫైనల్ కొత్త సంవత్సరం పండగలో భాగం.

అదే ఏడాది సగంలో వరసగా భారీ ఓటములు, ఉద్యోగం పోయింది, సీజన్ చివర వెర్డీ కింది డివిజన్‌కు పడింది. జపాన్ కథ అంతా తీపి అని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. 2012లో మాచిదా జెల్వియాతో ఇంకా ఘోరం, రెండో డివిజన్లో ఆఖరి స్థానం. మధ్యలో జెరూసలేం, పరాగ్వే. మ్యాపు తీసి దారం కట్టుకుంటూ పోతే దారం అయిపోతుంది.

ఒక ప్రయాణం మాత్రం ఉద్యోగం కోసం కాదు. 2014 జనవరిలో విల్లాతో కలిసి ఆ దీవులకే వెళ్లాడు, డాక్యుమెంటరీ షూటింగ్ కోసం. అక్కడ కారు బోల్తా పడి ఇద్దరికీ దెబ్బలు తగిలాయి, ఈయన తలకు చాలా కుట్లు పడ్డాయి. ముప్పై రెండేళ్ల తర్వాత ఒక ఆర్డిలెస్ ఆ దీవుల నుంచి ప్రాణాలతో వెనక్కి వచ్చాడు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. చెప్పమ్మా. మారడోనా టాటెన్‌హమ్‌కు ఆడాడా అనా? ఆడాడు, ఒక్క రాత్రి. ఆర్డిలెస్ గౌరవార్థం ఇంటర్ మిలాన్‌తో పెట్టిన మ్యాచ్. స్నేహితుడి కోసం నేపుల్స్ నుంచి వచ్చాడు, బూట్లు లేవు, క్లైవ్ అలెన్ ఇచ్చాడు. ఆ అలెన్ తర్వాతి సీజన్లో 49 గోల్స్ కొట్టాడు, ఆ బూట్లకేదో పట్టిందని అక్కడివాళ్లు సరదాగా అంటుంటారట. ఇంగ్లండ్ మీద చేత్తో గోల్ కొట్టింది దీనికి ఏడు వారాల తర్వాత, కాబట్టి అప్పటికి ఇంగ్లిష్‌వాళ్లకు మారడోనా మీద కోపం లేదు. వైట్ హార్ట్ లేన్ నిండిపోయింది. టాటెన్‌హమ్ తెల్ల చొక్కాల్లో ఇద్దరు అర్జెంటీనావాళ్లు, 2-1 తో గెలిచారు.

తేదీయా? 1986 మే 1. అవును, ఆ పైలట్ పోయి సరిగ్గా నాలుగేళ్లు.